పులిజూదము: ఒక పాత యాటకు పునఃప్రాణము

మన తళవాయిపురము పేరులో నొక సేనాపతి కలడు. దళవాయి యనగా దళములను నడపువాడు. మధుర నాయకుల కొలువులో నది గొప్ప యధికారము. క్రీ. శ. 16వ శతాబ్దమున విశ్వనాథ నాయకుడు మధురలో నాయకరాజ్యమును నెలకొల్పినప్పుడు, అతని దళవాయి యగు అరియనాథ మొదలియారు దేశమును 72 పాళెములుగా నేర్పఱచెనని చరిత్రకారులు వ్రాసియున్నారు. విజయనగర ప్రభువుల కాలమునను, నాయకరాజుల కాలమునను దక్షిణమునకు వచ్చి నిలిచిన తెలుగువారి సంతతి మనము. ఆ సేనలు పోయినవి, ఆ పాళెములు పోయినవి. అయినను మా బాల్యమున మా యింటి యరుగుమీద నొక యుద్ధము ప్రతి మధ్యాహ్నమును జరుగుచుండెను. దాని పేరు పులిజూదము. ఆ యాటను గూర్చియు, దానిని మరల బ్రతికించు విధమును గూర్చియు నాకు తోచిన నాలుగు మాటలు ఈ సంచికలో విన్నవించుకొనుచున్నాను.

తమిళులు దీనిని ఆడుపులియాట్టమందురు. మనవారు పేరున జూదమన్నను ఇందు పందెము లేదు, పాచిక లేదు, అదృష్టమునకు చోటే లేదు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుండి వంతులవారీగా ఎత్తులు వేయవలయును. పటమునకు పైన నొక శిఖరము. అందుండి నాలుగు గీతలు దిగువకు వచ్చును. వానిని మూడు అడ్డగీతలు ఖండించును. శిఖరమున ఒకటి, అడ్డగీతలపై ఆరేసి చొప్పున పదునెనిమిది, అడుగుగీతపై నాలుగు, వెరసి 23 స్థానములు. పులులు మూడు, మేకలు పదునైదు. మేకలన్నియు పటముమీదికి వచ్చువఱకు ఏ మేకయు కదలరాదు. పులి మాత్రము తన ప్రక్కనున్న మేకను దాటి, అదే గీతపై ఆవలి స్థానము ఖాళీగా నున్నచో నచటికి దుమికి మేకను చంపవచ్చును. మేకకు చంపు శక్తి లేదు. పులులకు కదలుటకు దారిలేకుండ చుట్టుముట్టుటయే దాని గెలుపు.

ఈ యాటలోని నీతిని మా యవ్వ మాకు వేఱుగ బోధింపలేదు, ఆటయే బోధించెను. వెనుక ఖాళీ యున్న మేక చచ్చును. వెనుక తోడున్న మేక బ్రతుకును. తొందరపడి నడుమకు వచ్చిన మేక పోవును. అంచులు పట్టుకొని యోర్పుతో వచ్చిన మంద పులిని కట్టివేయును. అవ్వ చింతగింజలను మేకలుగను, మూడు గులకరాళ్ళను పులులుగను పెట్టి ఆడెడిది. ఆమె యెప్పుడును మేకలనే కోరుకొనెడిది. పరదేశమున కొలదిమందిగా బ్రతుకువారికి మేకల పక్షమే మంచి పాఠమని ఇప్పుడు నాకు తోచుచున్నది.

ఇక రాజుల యాటల సంగతి వేఱు. రథ గజ తురగ పదాతులను నాలుగంగముల పేర వెలసిన చతురంగమును ఏడవ శతాబ్దమున బాణభట్టు హర్షచరితమున పేర్కొనెను. పండ్రెండవ శతాబ్దమున కల్యాణి చాళుక్య ప్రభువగు సోమేశ్వరుడు తన మానసోల్లాసమున రాజోచితములగు క్రీడలకు ప్రత్యేకముగ చోటిచ్చెను. శ్రీకృష్ణదేవరాయలతో చదరంగమాడిన బొడ్డుచర్ల తిమ్మన పేరు చాటుపద్యముల వలన నిలిచినది. మైసూరు ప్రభువగు ముమ్మడి కృష్ణరాజ ఒడయరు (1794-1868) అనేకములగు పటపుటాటలను కల్పించి, గుర్రపు నడక సమస్యలను వ్రాయించి, కృతులుగ నిలిపెను. ప్రభువులకు లేఖకులుండిరి, కనుక వారి యాటలకు వ్రాత దక్కెను.

వ్రాతబలమెంతటిదో చదరంగమే సాక్ష్యము. అది మన దేశమునుండి పారసీకమునకును, అరబ్బుల వలన ఐరోపాకును పోయి, పదునైదవ శతాబ్దము చివర నచట క్రొత్త నడకలను పొందెను. ఆ నడకలు గ్రంథములలో స్థిరపడి లోకమంతటికి నొక్కటేయయ్యెను. పంజాబు సీమకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ మొదట మన దేశపు పద్ధతినే నేర్చి, పిమ్మట ఐరోపా పద్ధతిని అభ్యసించి, 1929, 1932, 1933 సంవత్సరములలో బ్రిటిషు విజేతయయ్యెను. మన చెన్నపట్టణమున తెలుగు కుటుంబమున పుట్టిన దొమ్మరాజు గుకేశ్ 2024 డిసెంబరులో సింగపూరున ప్రపంచ విజేతయైనాడు. తమిళదేశమున స్థిరపడిన తెలుగువారికి అది యెంత సంతోషమైన దినమో వేఱుగ చెప్పనక్కఱలేదు. నియమము స్థిరముగ వ్రాయబడియుండినందుననే ఏ దేశమువాడైనను ఏ దేశమువానితోనైనను ఆ బల్లయెదుట కూర్చుండగలుగుచున్నాడు.

పులిజూదమునకు అట్టి వ్రాత లేదు. హంపీ శిథిలములలో రాతినేలలపై చెక్కిన ఆటపటములు నేటికిని కనబడును. ఎవరో కావలివారో, బాటసారులో, శిల్పులో తీరికవేళ చెక్కుకొన్నవి కావచ్చును. రాతిపై గీత నిలిచినది. వారు ఎత్తువేయుచు పలికిన మాట నిలువలేదు.

ఇట్టిదే మా యింటను జరిగినది. మా యరుగుమీది బండపై మా ముత్తాతల నాటి పులిజూదపు పటమొకటి చెక్కియుండెను. నేను ఉద్యోగమున నుండగా ఇల్లు బాగుచేయించి, ఆ యరుగును తీయించి నున్నని పలకలు పఱపించితిని. ఆ బండ యేమైనదని నేనడుగనులేదు. కచ్చేరిలో ఒక్క కాగితము తప్పిపోయిన రాత్రులలో నిద్రపట్టని గుమాస్తాను, నా యింటి దస్తావేజును నేనే పాఱవేయించితిని. ఈ తప్పునకు అన్యులెవరును కారకులు కారు.

ఆ సంగతి నాకు తెలియవచ్చినది విచిత్రముగ. బెంగుళూరున కంప్యూటరు ఉద్యోగము చేయుచున్న మా అన్నగారి కుమారుడు సెలవులకు వచ్చి, రాత్రి పొద్దుపోవువఱకు ఒక యాట ఆడుచుండెను. తెరపై కోటలు, గుర్రపు రౌతులు, రెక్కల సర్పములు. "హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మాజిక్" అను యాటల వరుసలో మూడవదట, 1999లో వెలువడినది. తొందరలేదు, ఒకరి వంతు ముగిసిన పిదప మఱియొకరి వంతు. "ఇంత పాతది ఇంకా ఎందుకురా?" అంటిని. "చిన్నాయనా, చదువుకునే రోజుల్లో ఆడిందే. మాలాంటివాళ్ళు లోకమంతా ఉన్నారు" అనెను.

అతడు చెప్పిన కథ నా మనస్సున నాటుకొనినది. 2015లో ఆ యాటను క్రొత్త మెఱుగులతో మరల వెలువరించిరట. కాని దానికి తరువాత చేరిన రెండు అనుబంధ భాగములు అందు లేవు. వాని సోర్స్ కోడు, అనగా ఆటను నడపు మూలలేఖనము, తిరిగి చేతికి చిక్కలేదట. పదునాఱేండ్లలోనే, అంతటి యంత్రములు గలవారికే, మూలప్రతి దొరకకపోయెను. అయినను అభిమానులు పాత ప్రతులను విడువక, వానికి తామే మరమ్మతులు చేసి, క్రొత్త కోటలను గూడ చేర్చి ఆడుచున్నారట. ఆ రాత్రి నాకు మా యరుగుబండ జ్ఞప్తికి వచ్చినది. వారికి ప్రతియైనను మిగిలెను. మనకు?

పాత యాటలను ఉద్ధరించు ప్రయత్నములు లేకపోలేదు. చెన్నపట్టణమున క్రీడా యను సంస్థయు, మైసూరున రామ్సన్స్ కళాప్రతిష్ఠానమును పటములను క్రొత్తగ చేయించి, ప్రదర్శించి, జనులకు అందజేయుచున్నవి. వారు అభినందనీయులు. నేనును ఒక గుడ్డపటమును తెప్పించితిని, అందముగనే యున్నది. దానిని పఱచి మా బంధువొకరితో కూర్చుంటిని. రెండవ యాటలోనే తగవు వచ్చినది. అయిదు మేకలు చచ్చిన పులి గెలిచినట్లని నేను, ఆఱని ఆయన. పులులు మూడును మొదటనే దిగవలెనని ఆయన. మేకతో వంతులుగ దిగవలెనని నేను. నేపాళమున బాఘ్‌చాల్ అను నిట్టి యాటయే కలదు. అందు పులులు నాలుగు, మేకలు ఇరువది, అయిదు మేకలు పోయిన పులులదే గెలుపు. వారికి లెక్క నిశ్చితము. మా యింటి లెక్కను చెప్పవలసిన యవ్వ గతించి నలువదియేండ్లు దాటినది.

కావున నా మనవి యిది. పాత యాటను బ్రతికించుట యనగా బొమ్మపటమును కొని గోడకు వ్రేలాడదీయుట కాదు. మనబోటి వృద్ధుల వేడుకకై బ్రతికించిన యాట మనతోనే కాటికి వచ్చును. పటము అంగడిలో దొరకును. నియమమును, మాటయు ఇంటిలోనే దొరకును. ఆ మాట తెలుగు మాట. బడిలో తమిళమును, కొలువులో ఆంగ్లమును పలుకు మన పిల్లలకు తెలుగు పలుకుటకు మిగిలిన తావులు మిక్కిలి కొలది. పెండ్లిపందిరి యొకటి, పూజగది యొకటి. ఆటపటము మూడవది కాగలదు.

గడచిన వేసవిలో మా మనుమరాలిని ఎదుట కూర్చుండబెట్టుకొంటిని. మొదటి దినమున మేకను చంపినప్పుడు "వెట్టిట్టేన్" అని తమిళమున కేకవేసెను. నేను దిద్దలేదు, నా వంతు వచ్చినప్పుడు "చంపితిని" అని మాత్రము అంటిని. వారము తిరుగునప్పటికి మేకలు తనకే కావలెననెను. ఒకనాడు నా మూడవ పులికి దారి మూసి, "తాతా, పులి కట్టుబడింది" అనెను. ఆ మాట మా యవ్వది. నేను ఓడితిని, ఆ యోటమికి ఇసుమంతయు చింతింపలేదు.

సోదరసోదరీమణులారా, మీ యిండ్లలో డెబ్బది, ఎనుబదియేండ్ల పెద్దలున్నచో ఈ పండుగకే వారిచెంత కూర్చుండి వ్రాసికొనుడు. పులులు ఎట్లు దిగును? ఎన్ని మేకలకు గెలుపు? కట్టుబడిన పులినేమందురు? వామనగుంటలకును, వైకుంఠపాళికిని, దాడికిని ఇట్లే చేయుడు. ఇంటింటికి నియమము భేదించినను దిద్దవలదు. ఏ యింటిదో గుర్తించి, ఉన్నదున్నట్లు వ్రాయుడు. ఒక తెల్లకాగితము చాలును. మన సంఘము వానిని చేర్చి ఒక చిన్న పుస్తకముగ అచ్చొత్తింప గలిగినచో, ఆ ప్రతులను వరుసపెట్టి శుభ్రముగ తిరిగి వ్రాయు పని నాకు ఒప్పగింపుడు. నలువదియేండ్లు చేసిన పనియే అది.