తెల్లాపూర్‌కు అటొక మెట్రో, ఇటొక మెట్రో

హైదరాబాద్ పడమటి అంచున రైలు కథ చెప్పాలంటే చాలామంది మెట్రో మొదలైన 2017 నుంచి అందుకుంటారు. తెల్లాపూర్ వరకు అయితే 1874 నుంచి మొదలుపెట్టాలి. ఆ ఏడాది వాడి నుంచి సికింద్రాబాద్ దాకా నిజాం రాజ్యం వేయించిన రైలు మార్గం తాండూరు, వికారాబాద్, శంకర్‌పల్లి దాటి లింగంపల్లికి చేరేముందు ఈ ఊరి పొలిమేరనే తాకుతూ పోయింది. బొంబాయి–మద్రాసు ప్రధాన మార్గానికి నిజాం రాజధానిని కలిపిన లైను అది. సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమయ్యే నాటికి ఈ దారిన రైళ్లు తిరగబట్టి నూటపాతికేళ్లు కావస్తోంది. ఈ ప్రాంతంలో రైలుకు ఎప్పుడూ కొదవ లేదు. ఊరివాళ్లు తమదని చెప్పుకునే మెట్రోకే కొదవ.

పాత మెదక్ జిల్లాకు, ఇప్పటి సంగారెడ్డి జిల్లాకు చెందిన ఈ ఊరు పాలనాపరంగా చాలాకాలం నగరానికి అవతలే ఉండిపోయింది. నల్లగండ్ల దాకా నగరం, ఆ తర్వాత జిల్లా. భూమి ధరలు, అపార్ట్‌మెంట్లు, ఆఫీసుకు పరుగులు మాత్రం ఆ గీతను ఏనాడో చెరిపేశాయి. 2018లో తెల్లాపూర్ మున్సిపాలిటీ అయింది. కొల్లూరు, ఉస్మాన్‌నగర్, వెలిమెల దానిలో కలిశాయి.

నగర రైలును పడమటికి తెచ్చిన మొదటి ప్రయత్నం ఎంఎంటీఎస్. 2003 ఆగస్టు 9న అప్పటి ఉప ప్రధాని ఎల్.కె. అద్వానీ దాన్ని ప్రారంభించినప్పుడు పడమటి కొస లింగంపల్లి. తెల్లాపూర్ ఆ తర్వాతి స్టేషనే అయినా అంతదాకా రాలేదు. రెండో దశను రాష్ట్రం మూడింట రెండు వంతులు, రైల్వే ఒక వంతు భరించేలా సుమారు 817 కోట్ల రూపాయలతో తలపెట్టారు. అందులో తెల్లాపూర్–రామచంద్రాపురం లైనుకు చోటు దొరికింది. బీహెచ్ఈఎల్ వల్ల పరిశ్రమల ఊరైన రామచంద్రాపురాన్ని పాత వాడి లైనుతో కలిపే ముక్క అది. కాగితం మీద ఇంత తెలివైన పథకం ఈ వైపు మరొకటి లేదు: భూసేకరణ తక్కువ, ఖర్చు తక్కువ. కానీ ఎంఎంటీఎస్‌ను ఏ నాయకుడూ మెట్రోలాగా పోస్టర్ల మీద వేసుకోలేదు. రెండో దశ నిధుల వాటా గురించి రాష్ట్రం, రైల్వే ఏళ్ల తరబడి లేఖలు రాసుకుంటూ కూర్చున్నాయి.

మెట్రో కథలో భూమి మొదటి అంకం నుంచే ఉంది. 2008లో టెండరు దక్కించుకున్న మేటాస్ కూటమి గ్రాంటు అడగకపోగా, 35 ఏళ్లలో ప్రభుత్వానికే 30,311 కోట్లు కడతానంది. అందరూ ఆశ్చర్యపోయారు. ఢిల్లీ మెట్రో అధిపతి ఈ. శ్రీధరన్ ఆశ్చర్యంతో ఆగలేదు. మెట్రోను తన సొంత భూముల దాకా పొడిగించుకుని వాటి ధర పెంచుకోవాలన్న ఉద్దేశం ఆ సంస్థకు ఉన్నట్టుందని ప్రణాళికా సంఘానికి రాశారు. పరువు నష్టం దావా వేస్తామని రాష్ట్ర ప్రభుత్వం కన్నెర్ర చేసింది. నాలుగు నెలలు తిరక్కుండానే, 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ కుంభకోణం బయటపడింది. మేటాస్ సత్యం వ్యవస్థాపకుడి కుటుంబ సంస్థే. జులైలో ఒప్పందం రద్దయింది. మరుసటి ఏడాది ఎల్ అండ్ టీ 1,458 కోట్ల సాయం అడిగి కాంట్రాక్టు గెలిచింది. 2010 సెప్టెంబరు 4న ఒప్పందం మీద సంతకాలు జరిగాయి.

అప్పుడు గీసిన మూడు మార్గాల్లో పడమటి కొసలు రెండే: మియాపూర్, రాయదుర్గం. 2017 నవంబరు 28న మియాపూర్ నుంచి తొలి రైలు కదిలింది. 2019 మార్చిలో హైటెక్ సిటీకి, నవంబరులో రాయదుర్గానికి మెట్రో అందింది. అక్కడితో ఆగింది. అప్పటికే ఉద్యోగాలు నానక్‌రామ్‌గూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాటి కోకాపేట వైపు సాగిపోయాయి.

ఆ తర్వాత నగరం పడమర మీద గీతలు గీయడం ప్రభుత్వాలకు అలవాటైంది. బీహెచ్ఈఎల్ నుంచి కొత్తగూడ, మెహిదీపట్నం మీదుగా లక్డీకాపూల్‌కు 26 కిలోమీటర్ల మార్గం కోసం 2022 నవంబరులో అప్పటి మంత్రి కేటీఆర్ కేంద్రానికి లేఖ రాశారు. డిసెంబరు 9న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ రాయదుర్గం–శంషాబాద్ విమానాశ్రయ మెట్రోకు శంకుస్థాపన చేశారు: 31 కిలోమీటర్లు, 6,250 కోట్లు. 2023 జులై 31న మంత్రివర్గం ఇంకా పెద్ద పటం పరిచింది. ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ మెట్రో అన్నారు. పటాన్‌చెరు నుంచి కోకాపేట మీదుగా నార్సింగి దాకా ఉన్న ముక్క తెల్లాపూర్, కొల్లూరు పక్కనుంచే వెళ్లాల్సింది. ఈ ఊరి పేరుకు మెట్రో అంత దగ్గరగా వచ్చింది అప్పుడే. నాలుగు నెలలకే ఎన్నికలొచ్చి ప్రభుత్వం మారింది.

అదే 2023లో జూన్ 22న కొల్లూరులో 15,660 డబుల్ బెడ్రూం ఇళ్ల కాలనీని ప్రారంభించారు. ఆగస్టులో కోకాపేట నియోపొలిస్‌లో ఎకరం 100.75 కోట్లకు వేలంలో పోయింది. రెండింటి మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. నగరం నడిబొడ్డున పనిచేసుకుని బతికే పేదలను అన్నివేల ఇళ్లతో ఔటర్ అంచుకు పంపినప్పుడు మొదట అడగాల్సింది రైలే. అది అడిగినవాళ్ల కంటే వేలం ధర గురించి మాట్లాడినవాళ్లే ఎక్కువ.

రేవంత్ రెడ్డి ప్రభుత్వం రాయదుర్గం–శంషాబాద్ మార్గాన్ని పక్కనపెట్టి కొత్త పటం గీసింది. 2024 అక్టోబరులో మంత్రివర్గం ఆమోదించిన రెండో దశలో 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్ల రూపాయలు. అందులో పడమటివి రెండు. మియాపూర్–పటాన్‌చెరు, 13.4 కిలోమీటర్లు, ముంబయి జాతీయ రహదారి మీదుగా. రాయదుర్గం–కోకాపేట నియోపొలిస్, 11.6 కిలోమీటర్లు, ఖాజాగూడ, నానక్‌రామ్‌గూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ గుండా. మొదటిది తెల్లాపూర్‌కు ఉత్తరాన, రెండోది దక్షిణాన. రెండూ పూర్తయినా ఊరివాళ్లు ఏదో ఒక కొసకు బస్సో, ఆటోనో పట్టుకోవాల్సిందే. బ్రోషర్లు మాత్రం మెట్రో పక్కనే అంటాయి. ఆ పక్క ఎన్ని కిలోమీటర్లో కొనేవాడు లెక్కేసుకోవాలి.

ఈ పటాన్ని తప్పుపట్టడం అంత తేలిక కాదు. 2017 నాటి కేంద్ర మెట్రో విధానం ప్రయాణికుల లెక్క, ఆర్థిక ప్రతిఫలం చూపకుండా డబ్బివ్వదు. జనం ఇప్పటికే కిటకిటలాడే రహదారి, లేదా ఆఫీసులు నిండిన బాట దొరికితేనే ఫైలు కదులుతుంది. తెల్లాపూర్‌లో జనం పెరుగుతున్నారు గానీ, విల్లాలు, టవర్లు విడివిడిగా పరుచుకున్నాయి. ఇలాంటిచోట మెట్రో కంటే, ఉన్న వాడి లైను మీద పావుగంటకో ఎంఎంటీఎస్ తిప్పడమే అసలు జవాబు కావచ్చు. పట్టాలు సిద్ధంగా ఉన్నాయి. లేనివి రైళ్ల సంఖ్య, వేళల నమ్మకం, స్టేషన్ నుంచి ఇంటికి చేరే దారి.

2025 చివర్లో తెల్లాపూర్ సహా 27 పురపాలికలను జీహెచ్ఎంసీలో కలపడంతో నగరం, జిల్లా అన్న గీత కాగితం మీద కూడా పోయింది. మెట్రో రెండో దశ ఫైలు మాత్రం ఇంకో చిక్కులో పడింది. రెండు దశలనూ కలిపి నడపడానికి ఎల్ అండ్ టీ కచ్చితమైన ఒప్పందం కుదుర్చుకోవాలని కేంద్రం కోరింది. నష్టాలతో విసిగిన సంస్థ అందుకు ముందుకు రాలేదు. ఆ ఏడాది సెప్టెంబరులో, సుమారు 13,000 కోట్ల అప్పుతో సహా తొలి దశను తానే తీసుకుంటానని రాష్ట్రం అంగీకరించింది. పటాన్‌చెరు, కోకాపేట మార్గాల భవిష్యత్తు అలా ఆ బదిలీకి ముడిపడింది.