గడప దగ్గర నుంచి టి.వి.

టి.వి. కొనాలనుకున్నప్పుడు ఇంటిల్లిపాదీ కొలతలు తీసేది ఎదురుగానే. సోఫాకూ తెరకూ మధ్య ఎన్నడుగులు, ఎన్ని అంగుళాలు పడుతుంది అని. కాని మన ఇళ్ళలో ఇల్లాలు టి.వి.ని తీరిగ్గా ఎదురుగా కూర్చుని చూసిందెన్నడు? వంటింటి గడప దగ్గర నిలబడి, ఓ చెవి కుక్కరు మీద, ఓ కన్ను తెర మీద వేసి చూసింది. ఆవిడ నిలబడ్డ చోటి నుంచి టి.వి. చరిత్ర చెప్పుకుంటే కాస్త వేరుగా ఉంటుందండీ.

హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. నెల తిరక్కుండానే, నవంబరు 19న, దివిసీమను ఉప్పెన ముంచేసింది. అప్పటికి డెల్టాకు తెలిసిన గొంతు రేడియోదే. 1948 నుంచీ పలుకుతున్న విజయవాడ కేంద్రం మాట విని పొలం పనులు చేసుకున్న ఊళ్ళవి. హైదరాబాదు బొమ్మ ఇంత దూరం వచ్చేది కాదు. 1982లో ఢిల్లీ ఏషియాడ్ పుణ్యమా అని రంగులొచ్చాయి. 1984లో దేశంలో దాదాపు రోజుకొక ట్రాన్స్‌మిటర్ చొప్పున పెట్టుకుంటూ పోయారు. ఇక చీటీ పాటల డబ్బు బంగారానికి కాక టి.వి.కి పోవడం మొదలైంది! హైదరాబాదు ఇ.సి. టి.వి. మంచిదా, మద్రాసు నుంచొచ్చే డయనోరా, సాలిడేర్‌లు మంచివా అన్నది ఆనాటి చర్చ. నలుపు తెలుపుతో సరిపెట్టుకోవడమా, మరో రెండు చీటీలు ఆగి రంగులదే కొనడమా అన్నది అసలు చర్చ.

1987 జనవరిలో ఆదివారం పొద్దుటి రామాయణం మొదలయింది. నిమ్మకూరు రామారావుగారే రాముడని గట్టిగా నమ్మిన జిల్లా ఇది. పైగా ఆయన అప్పుడు ముఖ్యమంత్రి కూడాను. అయినా హిందీ రాకపోయినా అరుణ్ గోవిల్‌కు దణ్ణం పెట్టారు. గదిలో చోటు చాలని వాళ్ళు వసారాలోంచీ కిటికీ చువ్వల్లోంచీ చూశారు. అంత పక్క నుంచి చూసినా రాముడి ముఖం వెలవెలబోలేదు. అది పిక్చర్ ట్యూబు గుణం. గాజుకు లోపల పూసిన పూత ఎలక్ట్రాన్ల తాకిడికి తనే వెలుగుతుంది. దీపంలా అన్ని వైపులకీ ఒకేలా వెలుగు పంచుతుంది. సోఫాలో అయ్యగారికీ గడపలో అమ్మగారికీ ఒకే బొమ్మ.

దానికి ఇంకో గుణం ఉండేది. అది పిల్లలకు తెలుసు. 1990లలో టి.వి.కి తగిలించుకునే వీడియో గేములు వచ్చాయి. క్యాసెట్టు గుచ్చి, ప్లాస్టిక్ తుపాకితో తెర మీద బాతుల్ని కొట్టే ఆట గుర్తుందా? మీట నొక్కగానే తెర క్షణంలో కొంతసేపు నల్లబడి, బాతున్న చోట మాత్రం తెల్ల గడి మెరుస్తుంది. తుపాకి మొనలో ఉన్న కన్ను ఆ మెరుపును పట్టుకుంటే బాతు చచ్చినట్టు. పాత టి.వి. బొమ్మను దాచుకోదు, వచ్చింది వచ్చినట్టు గీతగీతగా గీసేస్తుంది. అందుకే ఆ లెక్క కుదిరింది. ఇప్పటి పలక టి.వి. ముందు అదే తుపాకి పేల్చి చూడండి, ఒక్క బాతూ పడదు. బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది మరి.

పాత పెట్టె ఊరికే ఇచ్చిన ఈ రెండు గుణాలకీ ఇప్పుడు విడిగా వెతుక్కోవాలి.

పలక టి.వి.లో వెనకెక్కడో దీపం ఉంటుంది. ముందున్న ద్రవ స్ఫటికాలు రెక్కల కిటికీలా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. రెక్కల కిటికీకి ఎదురుగా నిలబడితే వీధి కనిపిస్తుంది. పక్కకు జరిగితే రెక్కలే కనిపిస్తాయి. మధ్యరకం ధరలో దొరికేవి ముఖ్యంగా రెండు జాతులు. వి.ఎ. ప్యానెల్‌లో నలుపు చక్కని నలుపు, దీపాలార్పి సినిమా చూడ్డానికి బాగుంటుంది. కాని పక్కకెళ్తే రంగులు పాలిపోతాయి. ఐ.పి.ఎస్. పక్క నుంచి చూసినా రంగు నిలబెడుతుంది, చీకట్లో మాత్రం దాని నలుపు బూడిద రంగే. డబ్బాల మీద ఇది చాలాసార్లు రాయరు. ఒకే పేరుతో ఉన్న మోడల్‌లో కూడా అంగుళాలు మారితే ప్యానెల్ మారవచ్చు. బీసెంట్ రోడ్డు షాపులో అబ్బాయి ఎదురుగా నిలబెట్టి చూపిస్తాడు. మీరు నాలుగడుగులు పక్కకు జరిగి చూడండి. ఎవరేమనుకుంటే మనకేం! ఓ.ఎల్.ఇ.డి.లో ప్రతి చుక్కా తనే వెలుగుతుంది కనుక ఈ బాధ లేదు, దాని ధరే బాధ.

ఇక ఆలస్యం సంగతి. ఇప్పటి టి.వి. వచ్చిన బొమ్మకు మెరుగులు దిద్ది మరీ వడ్డిస్తుంది. సీరియల్‌కి ఆ అలంకారం ముచ్చటే. ఆటాడే కుర్రాడికి మాత్రం మీట నొక్కాక సెకనులో పదో వంతు ఆలస్యమైనా ఓటమే. ‘గేమ్ మోడ్’ అనేది ఆ అలంకారాన్ని చాలావరకు ఆపేస్తుంది. 2021 ఫిబ్రవరిలో మన దేశానికొచ్చిన ప్లేస్టేషన్ 5 సెకనుకు 120 బొమ్మల దాకా పంపగలదు. మధ్యరకం టి.వి.లు చాలా మటుకు 60 దగ్గరే ఆగుతాయి. ఇంట్లో ఆ యంత్రం లేకుండా 120కి డబ్బు పోయడం దండగని నా ఉద్దేశం. ఆ తేడాతో మంచి ప్యానెల్ వస్తుందేమో చూసుకోవాలి. 32 అంగుళాలు దాటిన వాటి మీద పన్ను కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి దిగింది.

చక్రాల స్టాండు మీద ఉన్నన్నాళ్ళూ పాత టి.వి.ని ఎటు కావాలంటే అటు తిప్పుకున్నాం. ఇప్పుడు గోడకు బిగిస్తున్నారు. బిగించడానికొచ్చిన మనిషిని తిరిగే బ్రాకెట్ ఉందేమో అడగండి. వెల కాస్త ఎక్కువే. వి.ఎ. ప్యానెల్ కొన్నా సరే, సాయంత్రం వంటవేళకి దాన్ని గడప వైపు తిప్పేసుకోవచ్చు.