పక్షుల ఊళ్లు (ఆంధ్రప్రదేశ్)

పెద్ద నీటిపక్షులు ఏటా ఊళ్లోని చెట్లపైనో చెరువులోనో గూళ్లు కట్టుకోగా, వాటిని గ్రామస్థులే కాపాడుకొస్తున్న పల్లెలివి. శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురం, తేలుకుంచి, గుంటూరు జిల్లాలో ఉప్పలపాడు, శ్రీ సత్యసాయి జిల్లాలో (2022కు ముందు అనంతపురం జిల్లా) వీరాపురం వీటిలో ముఖ్యమైనవి. 1976లో అభయారణ్యంగా ప్రకటించిన నేలపట్టు అటవీశాఖ నిర్వహణలోనిది కనుక ఈ కోవలోకి పూర్తిగా రాదు.

చరిత్ర: ఈ ఆచారం ఎప్పటిదో తేల్చే రాతపూర్వక ఆధారాలు తక్కువ, తరతరాలదని పెద్దలు చెబుతారు. పశ్చిమ గోదావరి జిల్లాలోని ఆరేడు అనే ఊరి గూడబాతుల స్థావరంపై పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో రాసిన వ్యాసం తొలి వివరమైన నమోదుల్లో ఒకటి. ఆ స్థావరం తర్వాత చెదిరిపోయింది.

పక్షులు: తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు సుమారు సెప్టెంబరు నుంచి మార్చి వరకు ఉంటాయి. తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు తొలకరితో వస్తాయి. వీరాపురం చింతచెట్లు ఎర్రకాళ్ల కొంగలవి. ఈ పక్షులు సైబీరియా నుంచి వస్తాయన్నది బాగా ప్రచారంలో ఉన్న మాట. అయితే ఈ మూడు జాతులూ దక్షిణ, ఆగ్నేయాసియాల్లోనే గుడ్లు పెట్టి, నీరు, మేతను బట్టి ఇక్కడిక్కడే తిరిగేవి. సైబీరియాలో గుడ్లు పెట్టే పక్షులు చలికాలంలో ఇక్కడ గూడు కట్టవు. కాబట్టి ఊళ్లో గూడు ఉండడమే సైబీరియా కథనానికి ఎదురు సాక్ష్యం.

నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా నడుమ సందు కనిపిస్తుంది. పిల్లలకు ఆ సందు ఉండదు, ఎదిగాకే ఏర్పడుతుంది. ముక్కు మొనతో నత్త కండను గుల్లలోంచి లాగి తింటుంది. వరిచేలో నత్తలు తగ్గడం రైతుకు కనబడే లాభం. రెట్ట ఎరువుగా పనికొస్తుంది.

సంరక్షణ: మనిషిని బట్టి పని మారుతుంది. గూళ్లున్న చెట్టు జోలికి పోకపోవడం చెట్టుగలవారి వంతు. పక్షులు వస్తే వానలు, పంటలు బాగుంటాయన్న నమ్మకాన్ని నిలిపేది పెద్దలు. వేటగాళ్లపై కన్నేసి ఉంచేది యువకులు. వడిసెల పట్టకపోవడం, కిందపడిన పిల్లను కుక్కల పాలు కాకుండా పెద్దలకు అప్పగించడం బడిపిల్లలు కూడా చేయగలరు. వేటగాళ్లకు కొన్ని ఊళ్లు జరిమానా విధించేవని చెబుతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట ఎలాగూ నేరమే. కంపుకు, కిందపడే రెట్టకు, చేపముక్కలకు ఓర్చుకోవడం మాత్రం అందరి వంతు.

పరిమితులు: చెట్టును ఊరు కాపాడగలదు, మేత దొరికే చెరువులు, బీల (చిత్తడి) భూములు చాలావరకు ఊరి పొలిమేర దాటి ఉంటాయి. వీరాపురం చుట్టుపక్కల చెరువులు ఎండిన ఏళ్లలో రాక తగ్గింది. 2021–22 శీతాకాలంలో తేలినీలాపురంలో గూడబాతులు పెద్ద సంఖ్యలో చనిపోయాయి. చేపల ద్వారా సోకిన నులిపురుగులే కారణమని అధికారులు భావించారు. గూడబాతును అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమితి 2007లో మెరుగైన వర్గంలోకి మార్చింది. అందులో దక్షిణ భారత పల్లెల ఓర్పుకు కొంత వాటా ఉందనడం అతిశయోక్తి కాదు.