చిల్లుపడిన నాణెము

నాణెములు సేకరించువారిని మీకు ప్రియమైన దేది యని యడిగినచో, సాధారణముగా మెఱుగు చెడనిదానినే చూపుదురు. మా కోరిక వేఱు.

1786 ప్రాంతమున నెల్లూరు చేరువ నొక రాతిగుట్ట ప్రక్కను దున్నుచున్న రైతు నాగలికి ఇటుకకట్టడము తగిలెను. త్రవ్విచూడగా చిన్న గుడి శిథిలములును, వాని క్రింద రోమను బంగారు నాణెములుగల కుండయు బయల్పడెను. అతడు వానిని పాతబంగారముగా నమ్మివేసెను. పెక్కులు కరగిపోగా, నవాబు అమీరుల్ ఉమరా ముప్పదికి పైగా రాబట్టెను. అప్పటి మదరాసు గవర్నరు డేవిడ్సను, రెండు కోరుకొను నవకాశము లభింపగా, హేడ్రియను చక్రవర్తిదొకటి, ఫౌస్టీనా రాణిదొకటి యేఱుకొనెను. కొన్ని నిన్ననే టంకసాల వెడలినట్లున్నవనియు, కొన్ని యరిగి చిల్లులుపడి, చేతికో మెడకో ఆభరణములుగా నుండియుండుననియు నతడు వ్రాసెను.

ఆ భాగ్యము మాకు గలిగిన, చిల్లుపడినదానినే కోరియుందుము. మెఱయు నాణెము రోమును గూర్చి చెప్పును. చిల్లుపడినది మన యింటిని గూర్చి చెప్పును. సముద్రము దాటివచ్చిన చక్రవర్తి ముఖము ఇచట నొక యిల్లాలి మెడలో కాసయ్యెను కాబోలు!

పది రూపాయలకు మించిన నిక్షేపము దొరకినచో సర్కారునకు తెలుపవలెనని 1878 నాటి చట్టము విధించినది. మూసలో కరగిన బంగారమునకు వెల పోదు, చరిత్రయే పోవును. కావున ఇంటనున్న పాతకాసును కంసాలి కిచ్చుటకు ముందు ఒక్కమాఱు వెలుతురున త్రిప్పిచూడుడు.