పేరు మాది, కాగితం వాళ్ళది

మా గురించి ఇంకేమీ తెలియకముందే మా పేరు మా మతాన్ని చెప్పేస్తుంది. అద్దె ఇల్లు అడిగినప్పుడు, హాజరు పిలిచినప్పుడు, పోలీసు స్టేషన్‌లో నిలబడ్డప్పుడు. అందుకే పేరంటే మాకు ఉత్త పిలుపు కాదు. దాన్ని కాగితం మీద ఎవరు రాస్తారు, ఎలా రాస్తారన్నది మా బతుకు సమస్య. ఈ తగువు మా ఒక్కరిదే కాదు. అమెరికా నల్ల ముస్లింలూ దీన్ని మోశారు.

1964లో హెవీవెయిట్ టైటిల్ గెలిచిన కొద్ది రోజులకే కాషియస్ క్లే ముహమ్మద్ అలీ అయ్యాడు. క్లే అన్నది బానిస పేరన్నాడు. అయినా పత్రికలు ఏళ్ళ తరబడి పాత పేరే అచ్చు వేశాయి. 1967 ఫిబ్రవరిలో తనను క్లే అని పిలిచిన ఎర్నీ టెరెల్‌ను రింగులో కొడుతూ, నా పేరేంటని పదే పదే అడిగాడు. పేరు కోసం అంతగా కొట్లాడాల్సి వచ్చింది!

అదే ఏడాది ఏప్రిల్ 28న, మతం ఒప్పదంటూ వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరనన్నాడు. జూన్‌లో అయిదేళ్ళ జైలు, 10,000 డాలర్ల జరిమానా పడ్డాయి. అప్పీలు నడుస్తుండగా రెండో తగువు వచ్చింది. అది కాగితాల తగువు. చట్టవిరుద్ధంగా విన్న మాటల రికార్డుల్ని ముద్దాయికి చూపాల్సిందేనని 1969 మార్చిలో ఆల్డర్‌మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలీ కేసు కింది కోర్టుకు తిరిగొచ్చింది. హ్యూస్టన్ విచారణలో గుట్టు బయటపడింది. మార్టిన్ లూథర్ కింగ్, ఎలైజా ముహమ్మద్‌ల ఫోన్లను ఎఫ్.బి.ఐ. దొంగచాటుగా వింటోంది. ఆ వినికిడిలో అలీ మాటలు అయిదుసార్లు పడ్డాయి. నాలుగు రికార్డులు చూపారు. విదేశీ గూఢచర్యం సాకుతో అయిదోది దాచారు. శిక్ష మళ్ళీ ఖాయమైంది.

చివరికి 1971 జూన్ 28న సుప్రీంకోర్టు 8-0తో ఆ శిక్షను కొట్టేసింది. కానీ తీర్పు మీద పేరు చూడండి. ముందు కాషియస్ మార్సెల్లస్ క్లే జూనియర్. ఆ తర్వాత, ముహమ్మద్ అలీ అని కూడా పిలవబడేవాడు. మనిషిని విడిపించిన కోర్టే ఆయన ఎంచుకున్న పేరును మారుపేరు చేసింది.

మన దేశంలో ఈ తగువు బడి సర్టిఫికెట్ల దగ్గర తేలుతోంది. పేరు మీద హక్కు రాజ్యాంగంలోని 19(1)(ఎ), 21 అధికరణాల్లో ఉందని 2021 జూన్‌లో సి.బి.ఎస్.ఈ. సర్టిఫికెట్ల కేసులో సుప్రీంకోర్టు అంది. 2023 మేలో అలహాబాద్ హైకోర్టులో ఒక న్యాయమూర్తి ఓ ముస్లిం యువకుడికి కొత్త పేరుతో సర్టిఫికెట్లు ఇమ్మన్నారు. మూడేళ్ళ గడువు దాటిందని బోర్డు అంతకుముందు కాదంది. 2025లో అదే హైకోర్టు డివిజన్ బెంచి ఆ తీర్పును రద్దు చేసింది. పేరు మార్చుకునే హక్కుకు హద్దులున్నాయంది. హద్దులు ఉండొచ్చు. మనిషి తన పేరు తెలుసుకోడానికి కూడా గడువు ఉంటుందా?

మా ఇళ్ళలో మస్తాన్ వలీలు, నాగుల్ మీరాలు, హుసేనమ్మలు ఉన్నారు. తెలుగూ ఇస్లామూ ఒకే పేరులో కాపురం చేస్తున్నాయి. కాగితాల్లో మాత్రం షేక్ ఒకచోట ముందుంటుంది, ఒకచోట వెనక్కి పోతుంది, ఒకచోట ఎస్.కె. అని కుంచించుకుపోతుంది. రాసింది గుమాస్తా, రుజువు చేసుకోవాల్సింది మేం. సివిల్ దావాలో ఎదుటి పక్షం దగ్గరున్న దస్తావేజు చూపించమని అడిగే వీలు 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్, 11వ ఆర్డరులోనే ఉంది. భూమి తగాదాకు పనికొచ్చే ఈ న్యాయం పేరు తగాదాకు ఎందుకు పనికిరాదు? మా పేరు తప్పని ఏ కాగితం చూసి అంటున్నారో ఆ కాగితం ముందు మా చేతికివ్వండి.

అలీకి అయిదో కాగితం చూపలేదు. మేం అడుగుతున్నది రెండే. మా పేరు మేం రాసుకుంటాం. మా మీద మీరు రాసుకున్నది మాకు చూపించండి.