ఎండయు, చలియు, ఎత్తును: వ్యాయామశీలుర క్షేమము



జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో నేఁడు ఊరి వెలుపలి బాటలపై పరుగెత్తు యువకులు తఱచుగాఁ గనఁబడుదురు. పోలీసు కొలువునకో సైన్యమునకో దేహపరీక్షకు సిద్ధపడువారు కొందఱు; కబడ్డీ పందెములకు సాధన చేయువారు కొందఱు. వారి యుత్సాహము మెచ్చఁదగినది. కాని వేసవిలో ప్రొద్దెక్కిన పిమ్మటఁ గూడ పరుగు మానని వారిని జూచునపుడు మనసు కలఁతపడును. ఈ విషయమున చరిత్ర మనకేమి నేర్పినదో విన్నవించెదను.

మన పూర్వులు దీని నెఱుఁగనివారు కారు. వాగ్భటాచార్యుఁడు అష్టాంగహృదయమున, బలవంతుఁడు సయితము శీతకాలమందును వసంతమందును తన శక్తిలో సగము మేరకే వ్యాయామము చేయవలెననియు, తక్కిన ఋతువులలో అంతకంటెను తక్కువగాఁ జేయవలెననియు విధించెను. వేసవిలో ఎండను భరించుటయే దేహమునకొక శ్రమ యని దీని భావముగా నాకుఁ దోఁచును.

1912 జులై 14వ తేదీని స్వీడను దేశపు రాజధానియైన స్టాక్‌హోం నగరమున ఒలింపిక్ క్రీడలలో మారథాన్ పరుగు జరిగెను. ఆనాఁడు ఎండ తీవ్రముగా నుండెను. పోర్చుగల్ దేశీయుఁడైన ఫ్రాన్సిస్కో లాజరో అను వడ్రంగి, ఎండ తగులకుండుటకై ఒడలికి క్రొవ్వు పూసికొని పరుగెత్తెనని చెప్పుదురు. అతఁడు సుమారు 30 కిలోమీటర్లు పోయి కూలెను. మఱునాఁడు ప్రాణము విడిచెను. బయలుదేరిన 68 మందిలో ఇంచుమించు సగముమందియే గమ్యము చేరిరి. చలిదేశమున నిట్లు జరిగినపుడు, మే నెలలో 40 డిగ్రీలు దాఁటు మన సీమ మాట చెప్పనేల? 109 సంవత్సరముల పిమ్మట, 2021లో టోక్యో ఒలింపిక్ క్రీడలు జరిగినపుడు, వేఁడికి వెఱచియే మారథానును ఉత్తరమున నున్న సప్పోరో నగరమునకు మార్చిరి.

దీనికిఁ గారణమేమి? కండరములు పనిచేయునపుడు వ్యయమగు శక్తిలో అధికభాగము వేఁడిగా మాఱును. ఆ వేఁడిని బయటికిఁ బంపునది చెమట. చెమట కాఱినంతమాత్రమునఁ జాలదు. అది ఆవిరి కావలెను. అందుచేతనే ఉక్కపోతనాఁడు ప్రమాదము హెచ్చు. లోపలి యుష్ణము 40 డిగ్రీలు మించి, మాట తడఁబడి, నడక తూలినచో అది ప్రాణాంతకమగు వడదెబ్బ. అయితే 10 మొదలు 14 దినముల వఱకు కొంచెము కొంచెముగా ఎండలో శ్రమించినచో దేహము కొంత యలవాటు పడును. చెమట త్వరగాఁ బట్టును. అందులోని ఉప్పు తగ్గును. ఈ మార్పు ఒక్కదినమున సాధ్యము కాదు.

చలియు నట్టిదే. 2021 మే 22వ తేదీని చైనా దేశపు గాన్సు రాష్ట్రమున 100 కిలోమీటర్ల కొండదారి పరుగులో హఠాత్తుగా వడగండ్లును, చలివానయు, పెనుగాలియుఁ గ్రమ్మెను. పలుచని దుస్తులతో పరుగెత్తినవారిలో 21 మంది మరణించిరి. వారిలో పేరుపొందిన పరుగువీరులును గలరు. తడిసిన బట్టయు, వీచు గాలియు దేహపు వేఁడిని దోఁచికొనును.

ఇఁక ఎత్తు. 1875లో ముగ్గురు ఫ్రెంచివారు జెనిత్ అను బెలూనులో సుమారు 8,000 మీటర్లు పైకిఁ బోయిరి. ప్రాణవాయువు సంచులు చెంతనే యున్నను, వాని నందుకొను సత్తువ లేక యిద్దఱు మరణించిరి. 1878లో పాల్ బేర్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుఁడు దీని మర్మమును గ్రంథమున వెల్లడించెను. పైకిఁ బోయినకొలఁది గాలి యొత్తిడి తగ్గును. అందుచే ఒక్కొక్క యూపిరితో లోపలికిఁ బోవు ప్రాణవాయువును తగ్గును. ఎవరెస్టు శిఖరముపై ఒత్తిడి సముద్రతీరమున నున్న దానిలో మూఁడవవంతు మాత్రమే.

ఈ జ్ఞానమును మన్నించిన ఫలమును మన పిల్లలే చూపిరి. 2014 మే 25వ తేదీని, తెలంగాణ రాష్ట్రావతరణమునకు 8 దినములు ముందు, నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణయు, ఖమ్మం జిల్లాకుఁ జెందిన సాధనపల్లి ఆనంద్ కుమారును ఎవరెస్టు నెక్కిరి. పూర్ణకు అప్పటికి 13 సంవత్సరముల 11 నెలలు. ఇరువురును సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. వారి తొలి సాధన జరిగినది జనగామ నుండి సికింద్రాబాదు పోవు రైలుదారిలో మనము చూచు భువనగిరి కొండపైనే. అక్కడ ఱాతి నెక్కుట నేర్చి, పిదప డార్జిలింగునఁ బర్వతారోహణ విద్య నభ్యసించి, లడఖ్ చలికి దేహమును అలవఱచి, ఆ తరువాతనే ఎవరెస్టునకుఁ బోయిరి. ధైర్యము వారికిఁ బుట్టుకతో వచ్చియుండవచ్చును. దేహమునకు మాత్రము నెలల తరబడి క్రమశిక్షణ కావలసివచ్చెను.

నేను ఉపాధ్యాయుఁడనై యుండిన కాలమున, డ్రిల్లు నడుమ నీరు త్రాగువాఁడు బలహీనుఁడగునని నమ్మి బాలురను ఎండలో నిలిపితిని. ఒకనాఁడు ఒక బాలుఁడు సొమ్మసిల్లి పడెను. చెట్టునీడకుఁ జేర్చి నీళ్లు చల్లఁగాఁ దేఱుకొనెను. వాఁడు బ్రతికినది దైవకృపచేతనే గాని నా తెలివిచేతఁ గాదు. ఆనాఁటి భయము నన్ను నేఁటికిని విడువలేదు.

గ్రామపెద్దలారా, పందెమునకు వేళ నిర్ణయించువారు మీరు. వేసవిలో వేకువజామునో, ప్రొద్దు క్రుంకిన పిమ్మటనో దానిని జరిపింపుఁడు. మైదానమున నీడయు, నీరును, ఉప్పు కలిపిన మజ్జిగయు నుంచుఁడు. క్రొత్తగా సాధన మొదలిడినవానికి రెండు వారములు వ్యవధి నిండు. జ్వరపడి లేచినవానిని పరుగునకుఁ బంపకుఁడు. ఎవఁడైనను మతి తప్పినట్లు మాటలాడినచో, బట్టలు వదులుచేసి, చల్లని నీటి తొట్టిలో మెడవఱకు ముంచి తల పట్టుకొనుఁడు. తొట్టి లేనిచో ఒడలెల్లఁ దడుపుచు విసరుఁడు. వెంటనే 108కి కబురు పంపుఁడు. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు.

పందెమును మఱునాఁడు పెట్టుకొనవచ్చును. పోయిన బిడ్డను మరలఁ దెచ్చుకొనలేము.