బూడిదలో మగ్గిన తీపి

చిలగడదుంపకి మనవాళ్లు పెట్టినన్ని పేర్లు కన్నబిడ్డకైనా పెట్టి వుండరు. కోస్తాలో చిలగడదుంప, రాయలసీమలో గెనుసుగడ్డ, తెలంగాణలో కందగడ్డ, కొన్నిచోట్ల మోరంగడ్డ, హైదరాబాదు బజార్లో రత్నపురిగడ్డ. శివరాత్రికి కందగడ్డ ఉడకెయ్యమని తెలంగాణ అత్తగారు చెబితే, కోనసీమ నుంచి వచ్చిన కొత్తకోడలు "ఉపవాసం నాడు కందాబచ్చలీ ఏమిటండీ!" అని నోరెళ్లబెట్టిందంటే తప్పు ఆ పిల్లది కాదు.

సరిగ్గా ఇలాంటి తికమకే అమెరికాలోనూ వుంది. అక్కడ దక్షిణాది రాష్ట్రాలవాళ్లు చాలామంది చిలగడదుంపని ‘యామ్’ అంటారు. నిజానికి యామ్ వేరే దుంప. మన పెండలం జాతిది. పశ్చిమ ఆఫ్రికాలో అదే తిండి, అదే పండగ. ఓడల్లో కుక్కి తెచ్చి అమెరికాలో బానిసలుగా అమ్మిన జనానికి ఆ దుంప అక్కడ దొరకలేదు. దొరికింది చిలగడదుంప. పుట్టింటి వస్తువు కనపడక, దానిలాంటిది కనిపిస్తే ఆ పేరే పెట్టి పిలుచుకోవడం ఆడవాళ్లకి ఒకరు చెప్పాలా? అలా ఆ పేరు దీనికి అంటుకుంది. 1930ల్లో లూసియానా రైతులు తమ నారింజరంగు దుంపలు వేరే రకమని చాటి అమ్ముకోవడానికి మళ్లీ ఆ పేరే వాడుకున్నారు. దాంతో చిక్కుముడి ఇంకా బిగిసింది.

ఇంతకీ ఈ దుంప ప్రస్తావన ఎందుకొచ్చిందంటే, అమెరికాలో ఇప్పుడు పెరట్లో ‘స్మోకర్’ పెట్టుకుని దాంట్లో చిలగడదుంపలు వండటం ఒక ముచ్చట. స్మోకరంటే మరేం కాదు, పొగపెట్టె. అడ్డంగా పడుకోబెట్టిన ఇనప పీపాలాంటిది, దాని పక్కనే చిన్న పొయ్యి. పొయ్యిలో హికరీ, పెకాన్, ఓక్ లాంటి గట్టి కట్టెలు మెల్లగా కాలుతుంటే వేడీ, పొగా కలిసి పీపాలోకి పోతాయి. అసలు దాన్ని పుట్టించింది మాంసం కోసం. సుమారు 110 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో, గంటల తరబడి. ఆ మాంసం పక్కన మిగిలిన జాగాలో చిలగడదుంపలు కడిగి, చెక్కు తియ్యకుండా, కాస్త నూనె రాసి పడేస్తారు. రెండు మూడు గంటలయ్యేసరికి తొక్క ముడతలు పడి, పగుళ్లలోంచి పాకం చుక్కలు చుక్కలుగా వచ్చి నల్లగా గడ్డకడుతుంది. చీల్చి వెన్న వేసుకుంటే, పంచదార మాట ఎత్తనక్కరలేదు.

ఈ తీపి ఎక్కణ్ణించి వస్తుందో తెలుసుకోతగ్గదే. దుంపలో వున్న పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైము ఒకటి ఆ దుంపలోనే వుంటుంది. దుంప లోపలి వేడి సుమారు 60 నుంచి 75 డిగ్రీల మధ్య వున్నంతసేపూ అది పనిచేస్తుంది. అంతకు మించితే చచ్చిపోతుంది. మన ప్రెషర్ కుక్కరులో దుంప ఆ మెట్టుని గబగబా దాటేస్తుంది. నాలుగు విజిళ్లకి మెత్తబడుతుంది గానీ తీపెక్కడానికి వ్యవధేదీ? పొగలో, బూడిదలో అయితే ఆ మెట్టుమీదే తీరిగ్గా కూర్చుంటుంది. కుంపటి బూడిదలో దుంప కప్పెట్టి పిల్లలకి పెట్టిన మన అమ్మమ్మలకి ఎంజైము పేరు తెలియకపోతేనేం, తీపి తెలుసు.

అమెరికాలో ఈ పని పెరటి వేడుక కాకముందు ఎవరి వంట? దానికి ఒక పిల్లవాడి సాక్ష్యం వుంది. బుకర్ టి. వాషింగ్టన్ అనే ఆయన పేరు విని వుంటారు. 1856లో వర్జీనియాలో బానిసగా పుట్టాడు. 1901లో అచ్చయిన ఆత్మకథలో తాము కాపురమున్న గదిని వర్ణించాడు. పద్నాలుగడుగులకి పదహారడుగుల కొయ్య గది. కిటికీలకి అద్దాలు లేవు. పిల్లి రావడానికీ పోవడానికీ గోడలో ఒక కన్నం మాత్రం వుండేదట. అప్పటికే ఆ గదికి అరడజను కన్నాలుండగా ఇంకోటి దేనికో తనకి అర్థమయ్యేది కాదంటాడు! నేల వట్టి మట్టి. ఆ నేల మధ్యలో లోతుగా ఒక గొయ్యి, పైన చెక్కలు పరిచి. చలికాలమంతా చిలగడదుంపలు దాచేది అందులోనే. దుంపలు గోతిలో వేసేటప్పుడో తీసేటప్పుడో ఒకటో రెండో తన చేతికి చిక్కేవనీ, కాల్చుకుని ఇష్టంగా తినేవాణ్ణనీ రాసుకున్నాడు. అంత పెద్దవాడైనాక కూడా మర్చిపోలేదంటే ఆ దుంప ఎంత తియ్యగా వుండి వుండాలి!

ఆ గదే ఆ ఎస్టేటు మొత్తానికి వంటిల్లు. వంటమనిషి వాళ్లమ్మ, జేన్. ఇనప స్టవ్ లాంటిది ఏమీ లేదు. గోడవారన పెద్ద పొయ్యి, కుండలూ మూకుళ్లూ అంతే. ఎండాకాలమైనా సరే అందరి వంటా ఆ పొయ్యి మీదే. దొరలకీ, పనివాళ్లకీ వండి వార్చే ఆమెకి తన పిల్లల్ని కూర్చోబెట్టి ఒక ముద్ద పెట్టుకునే తీరిక లేదు. ఒకరోజు అర్ధరాత్రి ఆమె ఎక్కణ్ణించో ఒక కోడిని తెచ్చి వండి, నిద్రపోతున్న పిల్లల్ని లేపి తినిపించిందట. ఎలా తెచ్చిందో తనకి తెలియదనీ, దాన్ని దొంగతనమని మాత్రం తాను అనలేననీ ఆయన రాశాడు. చదివినవాళ్లం మనమూ అనలేం.

ఆ గొయ్యి ఒక్క వాళ్లింటి విడ్డూరం కాదు. వర్జీనియాలో బానిసల ఇళ్లుండిన చోట్ల పురావస్తు శాఖలవాళ్లు తవ్వితే, నేలకింద ఇలాంటి గోతులు ఎన్నో బయటపడ్డాయి. వాటిలో గుండీలు, పూసలు, ఎముకలు, పనిముట్లు దొరికాయి. తాళం వేసుకోవడానికి పెట్టె లేనివాళ్లకి ఆ గొయ్యే గాదె, అదే బీరువా.

వాళ్ల చేతి వంట అచ్చులోకి ఎక్కడానికి చాలా కాలం పట్టింది. అబీ ఫిషర్ అనే ఆవిడ దక్షిణ కెరోలినాలో బానిసగా పుట్టి, స్వేచ్ఛ వచ్చాక శాన్‌ఫ్రాన్సిస్కో చేరి, ఊరగాయలకి సంతలో పతకాలు తెచ్చుకుంది. పదకొండుమంది పిల్లల్ని పెంచిన తల్లి. ఆమెకి గానీ భర్తకి గానీ చదవడం రాయడం రాదు. అయినా 1881లో ఆమె నోటితో చెబుతుంటే ఇతరులు రాసి పుస్తకం వేశారు. అందులో చిలగడదుంప పై వుంది. ఉడికిన దుంప వేడి మీదే మెదిపి, కమలాపండు రసం పిండి, సగం తొక్క తురిమి కలపమంటుంది. ఉప్పు అర చెంచా. పంచదార మాత్రం "రుచికి తగినంత" అనేసింది. మన పెద్దవాళ్ల వంటల పుస్తకాల్లో కూడా ఇదే తంతు కదా, ఇక్కడికొచ్చేసరికి కొలత మాయం!

ఆ 1881లోనే బుకర్ వాషింగ్టన్ అలబామాలోని టస్కెగీలో నల్లవారి కోసం విద్యాలయం తెరిచాడు. 1896లో జార్జి వాషింగ్టన్ కార్వర్ని వ్యవసాయం చెప్పడానికి పిలిపించాడు. వేరుశెనగ కార్వర్ అంటే చాలామందికి తెలుస్తుంది. ఆయనా బానిసగానే పుట్టాడు. పసితనంలోనే దొంగలు తల్లిని ఎత్తుకుపోతే మళ్లీ ఆమె జాడ దొరకలేదు. పెంచిన ఇల్లాలు నేర్పితే వంటా, బట్టలు ఉతకడం, అల్లికలూ నేర్చుకున్నాడు. పత్తి వేసీవేసీ సారం పోయిన ఇసకనేలలు చూసి, ఇక్కడ చిలగడదుంపా వేరుశెనగా పండుతాయని రైతులకి చెప్పాడు. 1906 నుంచి బండి కట్టించి పల్లెలకి పంపించాడు. ప్రయోగశాలలో ఆ దుంపతో నూరుకి పైగా వస్తువులు చేశాడు. యుద్ధకాలంలో గోధుమపిండి కరువైతే, 1918లో చిలగడదుంప పిండితో రొట్టె చేసి చూపించమని ప్రభుత్వం వాళ్లు వాషింగ్టన్ నగరానికి పిలిచారు.

1922లో ఆయన ఒక చిన్న పుస్తకం వేశాడు, దుంపలు పాడవకుండా ఎలా నిలవ చేసుకోవాలో, ఎన్ని రకాలుగా వండుకోవాలో. పైలూ, పుడ్డింగులూ, బిస్కెట్లూ అన్నీ వున్నాయి. వాటి మధ్యలో బూడిదలో కాల్చడం కూడా రాశాడు. ఈ పద్ధతిలో వచ్చే తీపి మరోవిధంగా రావడం కష్టమని ఆ శాస్త్రవేత్తే ఒప్పుకున్నాడు. చేసే తీరూ చెప్పాడు: దుంపల్ని వెచ్చని బూడిదతో నాలుగంగుళాల మందాన కప్పాలి. దానిపైన కణకణలాడే నిప్పులు పరచాలి. తొందరపడకుండా కనీసం రెండు గంటలు మగ్గనివ్వాలి. తరవాత మెత్తని బ్రష్షుతో బూడిద దులిపి, వేడివేడిగా వెన్నతో వడ్డించాలి.

బ్రష్షూ వెన్నా తప్పిస్తే, మట్టినేల గదుల్లో గొయ్యి దాచుకున్నవాళ్లు పొయ్యి దగ్గర చేసుకున్నదీ ఇదే.